మంచు తిన్న వేళ్లు

1964లో నేను నెల్లూరు తీరంలో కుష్ఠు నివారణ పథకం ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్నాను. మైపాడు చుట్టుపక్కల పల్లెల్లో సైకిలు మీద తిరుగుతూ, స్పర్శ లేని మచ్చలు ఎవరి ఒంటి మీద ఉన్నాయో కనిపెట్టడం నా పని. కళ్లు మూయించి గుండుసూదితో మెల్లగా పొడుస్తాం. తెలిస్తే సరే, తెలియకపోతే అనుమానం. దాన్ని సెన్సేషన్ టెస్ట్ అనేవాళ్లం. ఆ పరీక్ష సంగతి పల్లెపల్లెకూ బొమ్మలు చూపించి నేర్పినవాణ్ణి నేనే. ఇది దేవుడి శాపం కాదు, సూక్ష్మజీవి అని ఎండలో నిలబడి గొంతు చించుకునేవాణ్ణి. వాదనలో ఎదుటివాడి నోరు మూయించిన రోజు నాకు కడుపు నిండినట్టుండేది.

ఆ వేసవిలో ఒక పల్లెకు మస్తాన్ సైన్యం నుంచి తిరిగి వచ్చాడు. అతని తల్లి కాశింబీ పడవలు ఆగేచోట టీ దుకాణం నడిపేది. మస్తాన్ ఎడమ కాలికి వేళ్లు లేవు. కుడిచేతి వేళ్లు రెండు సగానికి పోయాయి. వారం తిరిగేసరికి దుకాణం బెంచీలు ఖాళీ అయ్యాయి. ఊరి పెద్ద చెంచయ్య నాకు కబురు పెట్టాడు.

"తేల్చి చెప్పండయ్యా. ఆ రోగమే అయితే తల్లీ కొడుకూ ఊళ్లో ఉండేదానికి లేదు."

మస్తాన్‌ను ఇంట్లోనే పరీక్షించాను. ఒంటి మీద మచ్చ లేదు, అందుకని సూది తీయలేదు. నరాలు ఉబ్బలేదు. చెవి తమ్మె నుంచి స్మియర్ తీశాను. అంటే చర్మాన్ని సన్నగా గీరి, ఆ రసాన్ని మైక్రోస్కోపు కింద చూడటం. క్రిములు లేవని నెల్లూరు నుంచి రిపోర్టు వచ్చింది. అతనిది ఫ్రాస్ట్‌బైట్. చలికి నెత్తురు ఆడక మాంసం చచ్చిపోవడం.

మస్తాన్ లడఖ్‌లో ఒక కొండ మీద కాపలా ఉండేవాడు. రోజూ ఉదయం కొలకర్ర దగ్గరికి వెళ్లి, రాత్రి కురిసిన మంచు ఎంత లోతుందో చూసి రాయడం అతని డ్యూటీ. తనకోసం ఒక చిన్న పుస్తకంలో తెలుగులోనూ రాసుకున్నాడు. డిసెంబరు పేజీలు నాకు చూపించాడు.

"మూడో తేదీ, మోకాలి దాకా. తొమ్మిది, తొడ దాకా, గాలి. పదిహేను, ఎండ వచ్చింది, వేడి లేదు. పదహారు, రొట్టె రాయైంది, సంకలో పెట్టుకుని తిన్నాం. ఇరవై ఒకటి, కొలకర్ర కనపడలేదు."

తర్వాతి పేజీలు తెల్లగా ఉన్నాయి. ఆ కర్రను వెతకబోయి మంచులో కూరుకుపోయాడట. పైకి లాగేసరికి బూటులో కాలు, కుడిచేతి రెండు వేళ్లూ కొయ్యబారాయి.

"నొప్పి పుట్టలేదా?" అన్నాను.

"మొదట మంట సార్. తర్వాత ఏం లేదు. ఆ ఏం లేకపోవడమే చెడ్డది."

అది విని కూడా నాకు తట్టలేదు.

ఆదివారం దుకాణం ముందు ఊరంతా చేరింది. రిపోర్టు చదివాను. డిసెంబరు పేజీలు చదివాను. చెంచయ్య తాపీగా విన్నాడు.

"ఐసులో పెట్టబట్టే గదయ్యా మా చేప మద్రాసు దాకా చెడకుండా పోతాండేది. చేపను కాపాడే చలి మనిషి వేళ్లను రాలుస్తాదా?"

జనం నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"పుస్తకం ఎవురైనా రాసుకుంటారు. సూది పెట్టండి. మా బిడ్డలందరికీ పెట్టినారు గదా" అన్నాడతను.

"పెడతాను. అందరూ దగ్గరికి వచ్చి చూడండి."

మస్తాన్ లేవబోయాడు. "సార్, ఒక్క మాట. ఆ కాలు..."

"భయపడొద్దు" అని భుజం పట్టి కూర్చోబెట్టాను. తువ్వాలుతో అతని కళ్లు కట్టాను. వాళ్లు వేలెత్తి చూపిస్తున్న ఎడమ పాదం మీదే పొడిచాను. అతను పలకలేదు. ఇంకాస్త లోతుగా పొడిచాను. నెత్తుటి చుక్క లేచింది.

"పొడిచినారా సార్?" అన్నాడు మస్తాన్.

చలి నరాలను కూడా చంపుతుందని అప్పుడు అరిచాను. రిపోర్టు కాగితం గాల్లో ఊపాను. జనం వెనక్కి జరిగారు. నేను నేర్పిన సూదిని నమ్మారు, నన్ను నమ్మలేదు.

"మీరు చెప్పిందే గదయ్యా" అన్నాడు చెంచయ్య. ఆ మాటలో ఎగతాళి లేదు.

మూడోనాడు తల్లీ కొడుకూ గూడూరు వెళ్లిపోయారు. బస్సు దగ్గర కాశింబీ నా వైపు చూడలేదు. మస్తాన్ మాత్రం అన్నాడు:

"నేను చెప్పబోయినాను సార్. మీరు గెలిచే ఊపులో ఉండారు."

నలుగురిలో చేసే పరీక్షను ముందు చాటుగా చేసి చూసుకోవాలి. అది మా పనిలో మొదటి పాఠం, నేను తప్పాను. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఆ రోజంతా 'ఇతనికి ఆ రోగం లేదు' అనే వాదించాను. 'ఉంటే ఏమైంది?' అని ఒక్కసారి కూడా అడగలేదు. డాప్సోన్ మాత్రలతో నయమయ్యే జబ్బు అది. అది ఉన్న మనిషిని ఊరు వదలమనే హక్కు మీకెక్కడిదని నిలదీయలేదు. వాళ్ల చట్టాన్ని ఒప్పుకుని, అది ఇతనికి వర్తించదని మాత్రమే పోట్లాడాను. అంధవిశ్వాసాన్ని చీల్చి చెండాడుతున్నానని అనుకుంటూ దాని తరఫునే నిలబడ్డాను.

వలలు బాగుచేసే పోలమ్మ ఆ రోజు గుంపులోనే నిలబడి ఉంది. ఏడాదిగా ఆమె ఊరికి తెలియకుండా నా దగ్గర డాప్సోన్ తీసుకుంటోంది. తర్వాతి బుధవారం మాత్రలకు రాలేదు. నేనే వాళ్లింటికి వెళ్లాను.

"ఎవురు మీరు? నాకే రోగమూ లేదు" అని తలుపు వేసుకుంది.