నోట్సు ఇంగ్లీషులో, అర్థం తెలుగులో

అమెరికా కుర్రాళ్ళకి ఇంగ్లీషులో పాఠం చెప్పి, వాళ్ళచేత నిలబడి చప్పట్లు కొట్టించుకున్న తెలుగువాణ్ణి నేను. సరే, చప్పట్లు లేవు. నిలబడ్డ మాట మాత్రం నిజం. గంట అయిపోయింది, వెళ్ళిపోవడానికి లేచారు.

ఎనభైల మొదట్లో, మంచు తప్ప మరో పంట కనిపించని ఓ మిడ్‌వెస్ట్ ఊళ్ళో ఎమ్మెస్ చేసేవాణ్ణి. ఫీజు మాఫీ చేసి, తిండికి సరిపడా జీతమిచ్చి, బదులుగా రెండో ఏడాది ఇంజనీరింగ్ పిల్లలకి థర్మోడైనమిక్స్ చెప్పమన్నారు. నాకేం బెంగ? బీఈ అంతా ఇంగ్లీషు మీడియంలోనే చదివానాయె.

ఆ మీడియం ఎలాంటిదో చెప్పాలి. మా లెక్చరర్ గారు ముందు ఇంగ్లీషులో నోట్సు చెప్పేవారు. ఒక్కో వాక్యం రెండేసిసార్లు, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా. మేం తలెత్తకుండా రాసుకునేవాళ్ళం. ఆ తర్వాత చేతికంటిన సుద్ద దులుపుకుని, "ఇప్పుడు సంగతేంటంటే" అంటూ తెలుగులోకి దిగేవారు. పాఠం అక్కడ మొదలయ్యేది. ఇంగ్లీషు పరీక్షకి, తెలుగు బుర్రకి. లోకమంతటా చదువంటే ఇంతే అనుకున్నాను.

కనక అక్కడా అదే చేశాను. మొదటి రోజే బోర్డు ముందు నిలబడి గంభీరంగా ఓ వాక్యం చదివి, కామా అన్నాను. మళ్ళీ చదివాను. ఎవరూ పెన్ను తియ్యలేదు. వినపడలేదేమోనని ఈసారి గొంతు పెంచాను. కొన్ని వారాలిలా సాగాక పిల్లలు వెళ్ళి ప్రొఫెసర్‌కి మొరపెట్టుకున్నారు. ఆయన నన్ను పిలిచి, శుక్రవారం నీ క్లాసులో కూర్చుంటాను, బాగాలేకపోతే వచ్చే సెమిస్టర్ నుంచి అసిస్టెంట్‌షిప్ ఉండదన్నారు, ఎంతో మర్యాదగా. అది లేకపోతే ఫీజు కట్టలేను. ఫీజు కట్టకపోతే వీసా ఉండదు.

నా రూమ్మేటు వరంగల్ వాడు. ముందురోజు సాయంత్రం వంట చేస్తూ నాచేత పాఠమంతా చెప్పించుకున్నాడు.

"మస్తు చదివినవ్ భయ్," అన్నాడు గరిటె పక్కన పెట్టి. "మరి పాఠం ఎప్పుడు చెప్తవ్?"

శుక్రవారం ప్రొఫెసర్ వెనక వరసలో కూర్చున్నారు. నేను కామాలతో సహా సాగిస్తున్నాను. ముందున్న ఓ అమ్మాయి చెయ్యెత్తి, ఒత్తిడి పెరిగితే నీళ్ళు మరగడానికి ఇంకా ఎక్కువ వేడి ఎందుకు కావాలని అడిగింది. అదే వాక్యం మళ్ళీ చదివాను.

"అది విన్నాను. ఎందుకు?" అంది.

ఎందుకో నాకు బాగా తెలుసు. తెలిసింది తెలుగులో. నోట్లోంచి అదే వచ్చేసింది. "బస్సు దిగాలనుకో. ఎక్కేవాళ్ళు నిన్ను లోపలికే తోస్తున్నారు. మరి గట్టిగా తోసుకు రావద్దూ?" భుజం వంచి, మోచేతులు ఆడిస్తూ, డెస్కుల మధ్య దిగి మరీ చూపించాను. ఆవేళ అరగంట తెలుగులో దంచానని అందరికీ చెబుతుంటాను. నిజానికి ఆ మూడు ముక్కలే. ప్రొఫెసర్ మొహం చూసి ఆగిపోయాను.

ఆ అమ్మాయే నెమ్మదిగా అంది: "మ్యాచ్ మొదలవుతుంటే, లోపలికొచ్చే జనానికి ఎదురుగా గేట్లోంచి బయటికి రావడంలాంటిదా?"

అదేనన్నాను. అంతమంది నెడుతుంటే మరింత బలం కావాలి, ఆ బలమే వేడి అని మిగతాది ఆ పిల్లే పూర్తిచేసింది.

క్లాసయ్యాక ప్రొఫెసర్ నన్ను ఆపి, నువ్వు చివర్లో డెస్కుల మధ్య చేసి చూపించిందే పాఠం, ఇకనుంచి అదే చెప్పు, కాకపోతే ఇంగ్లీషులో, అన్నారు.

"నాకు ఇంగ్లీషులో రాసుకోవడమే వచ్చండీ. అర్థం చెప్పడం ఎవరూ నేర్పలేదు," అన్నాను. ఇందులో ఒక్క అక్షరం పెంచడం లేదు.

ఆయన "అయితే వాళ్ళ దగ్గరే నేర్చుకో," అన్నారు.

వచ్చే సెమిస్టర్‌కీ క్లాసు ఇచ్చారు. నా బోధనకి ప్రొఫెసర్ ముగ్ధుడైపోయాడని మా రూమ్మేటుకి చెప్పాను. వాడు నమ్మలేదు గానీ, ఆ పూట సేమ్యా పాయసం చేశాడు. నాకిచ్చింది తెల్లారకుండానే మొదలయ్యే క్లాసనీ, ఆ చలిలో దానికి ఒప్పుకునే మనిషి డిపార్ట్‌మెంటులో ఇంకెవరూ దొరకలేదనీ నాకు తర్వాత తెలిసింది. వాడికి చెప్పలేదు.