మానుకోవడానికి చివరి రోజు

మిల్టన్‌లో ఉంటున్న మా అమ్మాయి నిన్న ఫోన్ చేసి, పన్నెండో తరగతి చదువుతున్న మా మనవడు బడిలో ఉండగానే యూనివర్సిటీ కోర్సు ఒకటి తీసుకుంటున్నాడనీ, ఆ క్రెడిట్ రేపు డిగ్రీలో కలుస్తుందనీ సంబరంగా చెబుతుంటే, అభినందనకంటే ముందు నా నోట వచ్చిన మాట, ఆ కోర్సు మానుకోవడానికి చివరి రోజు ఎప్పుడని. జీవితమంతా శకునాలను వెక్కిరించిన మనిషివి, అపశకునం పలుకుతున్నావేమిటని అది నొచ్చుకుంది.

నేను రెజైనాలో లెక్కలు బోధిస్తున్న రోజుల్లో మా తోడల్లుడి కుటుంబం పక్క వీధిలోనే ఉండేది. ఆయన కూతురు, పదిహేడేళ్ళ పిల్ల, ఇలాగే బడి నుంచే మా యూనివర్సిటీలో కెమిస్ట్రీ కోర్సులో చేరింది. మన తరానికి డబుల్ ప్రమోషన్ ఎంత గొప్పో ఆయనకు అది అంత గొప్ప. నవంబరు వచ్చేసరికి ఆ చదువు తన వల్ల కాదని పిల్లకు అర్థమైపోయింది. గడువులోగా మానుకుంటే మార్కు పడదు. గడువు దాటితే వచ్చిన మార్కు ఆమె రికార్డులో శాశ్వతంగా నిలిచిపోతుంది, ఆమె కోరుకున్న నర్సింగు సీటుకు ఆ రికార్డే చూస్తారు. మైనరు కనుక తండ్రి సంతకం కావాలి. చివరి రోజు మధ్యాహ్నం ఆ కాగితం పట్టుకుని, నాన్నకు నచ్చజెప్పమని నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది. సంతకమయ్యాక స్కాన్ చేసి సాయంత్రం ఐదింటిలోగా ఆన్‌లైన్‌లో పంపాలి.

ఆయన గోడమీది తెలుగు క్యాలెండరు వైపు చూశాడు.

"ఇవాళ అమావాస్య, అన్నయ్యగారూ. చదువు ఆపే కాగితం మీద ఇవాళ సంతకమా? రేపు పొద్దున్నే పెట్టేస్తా. ఒక్కరోజుకి కొంపలేం మునగవుగా!"

ఐదు దాటితే ఇంక తీసుకోరన్న ఒక్క ముక్క చెప్పి ఊరుకోవలసింది. నేను చంద్రుడి దగ్గర మొదలుపెట్టాను.

"బెజవాడ అమావాస్య రెజైనాకి ఏ వీసా మీద వచ్చిందయ్యా?"

"పిల్ల ముందు నన్ను వెర్రివాణ్ణి చేయడానికొచ్చారా?"

"డాడ్, ప్లీజ్. ఇట్ క్లోజెస్ ఎట్ ఫైవ్."

ఆ మాట ఆమె రెండుసార్లు అంది. మా ఇద్దరిలో ఒక్కరమూ వినలేదు. కిటికీ బయట మంచు మీద వెలుతురు బూడిదరంగుకు తిరుగుతుంటే, నేను గ్రహగతులనుంచి అర్చకుల ఆదాయం దాకా వెళ్ళి, ఆయన దగ్గర జవాబనేది మిగలకుండా చేశాను. జవాబు లేని మనిషికి మిగిలేది పంతమే. కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. నేను గెలిచిన సంతృప్తితో ఇటు తిరిగేసరికి, పిల్ల ల్యాప్‌టాప్ మూసేస్తూ, "ఇంక అక్కర్లేదు," అంది.

పడకూడని మార్కే పడింది. రెండేళ్ళు నర్సింగుకు అప్లై చేసి, మూడో ఏడు మానేసింది. ఇప్పుడు మిల్టన్‌కు దగ్గర్లోని కేంబ్రిడ్జ్‌లో ఒక గోడౌన్‌లో షిఫ్టులు చేస్తోంది.

మన రోజుల్లో పరీక్ష తప్పితే సెప్టెంబరులో మళ్ళీ రాసేవాళ్ళం, గట్టెక్కాక ఆ తప్పిన సంగతి ఇంట్లోవాళ్ళే మరిచిపోయేవారు. ఇప్పుడు మరిచిపోవడమన్నది ఏ రికార్డుకూ తెలియదు, ఆ రికార్డులోకి పిల్లలను ముందే ఎక్కించే తొందర మాత్రం ఇంటింటా పెరుగుతోంది. అమావాస్య గురించి ఆనాడు నేను చెప్పిందంతా నిజమే, ఇవాళ అడిగినా అదే చెబుతాను. కానీ చిన్నప్పుడు ప్రతి మాటకూ నాతో వాదానికి దిగిన ఆ పిల్ల, ఇప్పుడు ఏ పెళ్ళిలోనో కనిపించినప్పుడు నేనేమన్నా సరే, "ఓకే, పెదనాన్నా," అని తల ఊపి పక్కకు తప్పుకుంటుంది.