బానెట్ కింద ఏడు దారాలు

అయిదు నెలల క్రితం ఇదే బ్లాగులో, పాత జీపు కొనేటప్పుడు దోస్తులను నమ్మొద్దని ఒక పోస్టు రాశాను. చాలామంది మెచ్చుకున్నారు, తాము మోసపోయిన సంగతులు కింద రాశారు. నేను పేరు పెట్టలేదు గానీ, నన్ను ముంచాడని రాసిన మనిషి మా ఆఫీసు స్టోర్సులో పదకొండేళ్లు నా పక్క టేబుల్ దగ్గర కూర్చున్న సలీం. ఆఫీసులో అందరికీ అర్థమైంది. ఆ పోస్టు నిన్న తీసేశాను. ఎందుకు తీసేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పాతబస్తీలో పాత బండి బాగు చేయించుకోవాలనుకునేవాళ్లకు దారి, వేళలు, ఖర్చు కూడా ఇందులో ఉంటాయి. వాటితో పాటు నా బుద్ధితక్కువతనం కూడా చదవక తప్పదు.

బండి పాత పెట్రోల్ జీపు, నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం వెళ్లే రకం. మట్టిదారుల్లో, అడవి అంచుల్లో తిరగాలన్న నా సరదా తెలిసి సలీం తన బండే నాకు అమ్మాడు. తెచ్చిన రెండు వారాలు వంక పెట్టడానికి లేకుండా నడిచింది. ఒక ఆదివారం బానెట్ ఎత్తి శుభ్రంగా కడిగి, లోపలి సన్నటి రబ్బరు గొట్టాలన్నీ పీకేసి మెరిసే నీలం రంగువి వేయించాను. ఆ తర్వాతే మొదలైంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ గుర్రుమని లేవడం, నీరసించి ఆరిపోవడం. వెనక నిలబడితే పచ్చి పెట్రోల్ వాసన. కాలుష్య పరీక్షలో రెండుసార్లు తప్పింది. ఆ కాగితం లేనిదే రిజిస్ట్రేషన్ పొడిగించరు. మా నాగోల్ వైపు ఒక పెద్ద షెడ్డువాళ్లు అవీ ఇవీ మార్చి, చివరికి "ఎవరో మీకు చెత్త అంటగట్టారు సార్" అన్నారు. అంతే, నాకు పిచ్చి లేచింది. మర్నాడు క్యాంటీన్లో నలుగురి ముందు "దోస్తువని నమ్మితే ముంచినవ్ గదరా" అని సలీం మీద అరిచాను. అతను "హుస్సేనీ ఆలంల మెకానిక్ చాచాకు సూపియ్యమన్న గదన్నా" అని ఒక్క మాట అన్నాడు. నేను వింటేగా! ఆ సాయంత్రమే పోస్టు రాశాను. నెల తిరక్కుండా సలీం వేరే ఆఫీసుకు బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు.

ఇక ఏ షెడ్డువాడూ బండి ముట్టనన్నాక ఆ చాచా గుర్తొచ్చాడు. మొన్న రెండో శనివారం ఉదయం తొమ్మిదింటికి నాగోల్‌లో బయల్దేరాను. పాతబస్తీ షెడ్లు చాలావరకు శుక్రవారం మూసి ఉంటాయి, మిగతా రోజుల్లో కూడా పదకొండుకు ముందు తెరవరు. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా నయాపూల్‌కు మామూలుగా ముప్పావు గంట. నాకు గంటన్నర పట్టింది. చాదర్‌ఘాట్ దగ్గర మూడోసారి ఆరిపోయినప్పుడు పక్కనున్న ఆటో డ్రైవర్ తల బయటపెట్టి, "అన్నా, జీపు నడ్పుతున్నవా, దానికి ఊపిరి పోస్తున్నవా?" అన్నాడు. నయాపూల్ దాటి, మదీనా చౌరస్తాలో కుడికి తిరిగి, పేట్లబుర్జు మీదుగా హుస్సేనీ ఆలం చేరేసరికి పదకొండు దాటింది.

మహమూద్ చాచా షెడ్డు జీపు దూరితే మనిషి పట్టనంత ఇరుకు. డెబ్బై ఏళ్లు ఉంటాయేమో, బండి చూడగానే "సలీం జీపు!" అని సంబరంగా లేచాడు. బానెట్ ఎత్తాక ఆ సంబరం పోయింది.

"ధాగే కిధర్ గయే?" అన్నాడు.

"ఏం దారాలు చాచా?" అన్నాను.

"దారాలు బాబూ, రంగురంగులవి. పైపు పైపుకు కట్టి ఉండె గద? నేను రాసిచ్చిన కాగజ్ గూడ కడ్డీకి కట్టిండె. ఏది?"

"పాతవడి రాలిపోయినయ్ చాచా."

"మగ్గం పని రేషం, పట్టుదారం అది. నేను రాలిపోత గని అది రాలదు" అన్నాడు నా మొహంలోకి చూస్తూ.

అబద్ధం నాకే సిగ్గనిపించింది. ఆ ఆదివారం బానెట్ కడిగేటప్పుడు గొట్టాలకు ఏడు రంగుల దారాలు, ప్లాస్టిక్ కవర్లో మడిచిన ఉర్దూ కాగితం కనిపించిన మాట నిజమే. నాకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఏదో దర్గాలో కట్టించిన తాయెత్తులనుకున్నాను. పారేస్తే పాపం, ఉంచుకుంటే ఏమో అని భయం. దేవుడి పటాలను వేసినట్టే వాటన్నిటినీ మూటగట్టి, వంతెన మీద బండి ఆపి, దండం పెట్టి మరీ మూసీలో వేశాను. పెద్ద మర్యాద చేశాననుకున్నాను! అదే ఇంకెవరి బండిలోనైనా కనిపిస్తే, ఇవి దేనికి గుర్తులో అని అడిగేవాణ్ని. సలీం బండి కాబట్టి తాయెత్తులైపోయాయి. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ జరిగింది అదే.

చాచాతో నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "మూడు ఆదివారాలు గీడనే కూసుండె సలీం" అన్నాడు. "కార్బురేటర్ ఎన్నడో మార్చిన్రు, బానెట్ లోపట అతికిచ్చిన పైపుల బొమ్మ దీనికి కలవది. ఒక్కొక్క పైపు నేను పట్టి సూపిస్తె, ఇంట్ల మగ్గం దారాలు దెచ్చి కట్టిండు. నాకు తెలుగు రాయరాదు, ఉర్దూల రాసిచ్చిన. 'చాచా, మా శీనన్నకు ఇంజన్ ఎర్కలేదు, తొవ్వల ఆగితె ఫికర్ పడ్తడు, నీ తాన్కి తెస్తె రెండు నిమిషాలల్ల అయిపోవాలె' అన్నడు."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తాళాలు ఇచ్చిన రోజు సలీం "బానెట్ల ఏం తియ్యకు అన్నా" అని చెప్పనే చెప్పాడు. నేను అప్పుడు జీపు ముందు ఫొటోలు దిగుతున్నాను.

రెండు నిమిషాల పని నాలుగు గంటలు పట్టింది. "ఇంజన్ గాలి పీలుస్తది. గీ సన్న పైపులు ఆ పీల్పును ఒక్కొక్క సామాన్‌కు తీస్కపోతయ్. అటుది ఇటు వెడ్తె, ఉరుకుమన్న కాడ ఆగుతది" అని చెబుతూ చాచా పని మొదలుపెట్టాడు. ఒక గొట్టం ముక్కను చెవికి ఆనించుకుని, రెండో కొసను ఇంజన్ మీద తిప్పుతూ గాలి కారే చోటు వెతికాడు. పొగలో కొంతను తిరిగి ఇంజన్లోకి పంపే వాల్వు ఒకటుంటుంది. దాని గొట్టాన్ని నోటితో పీల్చి, కొసను నాలుకకు ఆనించాడు. అది నాలుకకు అతుక్కునే ఉంది, అంటే గాలి కారడం లేదు. "సామాన్ మంచిగనే ఉన్నది. పైపులే లొల్లి" అన్నాడు. రెండు గొట్టాలు అటుదిటు, ఇటుదటు అయ్యాయి. పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా గొట్టమైతే ఎక్కడా తగిలించనే లేదు.

నీలం గొట్టాలు వదులుగా ఉన్నాయని, సరైన కొలతవి తెమ్మని చాచా నన్ను ఉస్మాన్‌గంజ్ పంపాడు. పార్కింగ్ దొరకదు, ఆటోలో వెళ్లడమే మేలు. పోనురాను రెండొందలు, గొట్టాలకు మూడొందల అరవై అయింది. దారిలో అదే మూసీని దాటాలి. నేను నీళ్ల వైపు చూడలేదు. గొట్టాలతో పాటు ఏడు రంగుల దారపు ఉండలు కొన్నాను. చాచా చెబుతుంటే నా చేతులతోనే కట్టాను, కాగితం తెలుగులో రాసుకున్నాను. మూడున్నరకు ఇంజన్ నిలకడగా తిరిగింది. చాచా ఎనిమిది వందలు తీసుకున్నాడు. చాంద్రాయణగుట్ట వైపు ఒక పెట్రోల్ బంకులో కాలుష్య పరీక్ష చేయిస్తే మొదటిసారికే పాసైంది. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి కాదు, జల్‌పల్లికి వెళ్లాను.

అక్కడి కొత్త కాలనీలో చిన్న ప్లాటులో సలీం ఇల్లు. నేను హారన్ కొట్టక ముందే, బండి చప్పుడుకు బయటికొచ్చాడు. నన్ను కాదు, ఇంజన్ను విన్నాడు. "మంచిగున్నది" అని బానెట్ ఎత్తాడు. నేను కట్టిన దారాలు చూశాడు. వదులుగా ఉన్న పచ్చదారం ముడి విప్పి, గట్టిగా మళ్లీ కట్టాడు.

నేను అంతా చెప్పాను. మూసీ సంగతి కూడా చెప్పాను.

"తాయెత్తులనుకుంటివా?" అన్నాడు. కోపం లేదు. "అనుకుంటె అనుకున్నవ్ తియ్యి. ఒక్క మాట అడగొచ్చు గదన్నా?"

"తప్పయింది సలీం."

"నాకు తెలుగు సదవరాదు, నీకెర్కే గద. నీ పోస్టులన్ని నా బిడ్డ సదివి ఇనిపిస్తది. గా జీపు పోస్టు గూడ గట్లనే సదివింది. నేను ఆపుమనలె. అంత అయినంక, 'అబ్బాజాన్, గీ మోసం జేసినాయన ఎవలు?' అనడిగింది." సలీం బానెట్ దించాడు. "'ఎవలో బేటా' అన్న."

నీ పేరుతో సరిదిద్ది రాస్తానన్నాను. "రాయి. ఇగ బిడ్డకు గూడ ఎర్కగానీ" అన్నాడు. ఒక రౌండు వెళ్లొద్దాం రమ్మని తాళాలు చాపాను. "మల్లెప్పుడన్న పోదాం. చాయ్ తాగి పో" అని లోపలికి నడిచాడు. చాయ్ తాగినంతసేపూ ట్రాఫిక్ గురించి మాట్లాడుకున్నాం.

ఇప్పుడు జీపు సిగ్నల్ దగ్గర ఆరిపోవడం లేదు. గొట్టాలు ఎటువి అటు పెడితే ఇంజన్ పాతవన్నీ మరిచిపోతుంది, మనిషి అలా కాదని ఈ వయసులో నేర్చుకున్నాను. సలీం ఇంట్లో ఇది ఎవరైనా చదివి వినిపిస్తారో లేదో నాకు తెలియదు. చదివితే మాత్రం, బేటా, ఆ పోస్టులో మోసం చేసినాయన ఎవరని అడిగావు కదా, అది రాసిన నేనే. మీ అబ్బాజాన్ నా బండికి దారి గుర్తులు కట్టి ఇచ్చిన మనిషి.

పాత బండి కొనేవాళ్లకు ఒక్క సలహా. బానెట్ కింద అర్థం కానిది ఏది కనిపించినా, తీసే ముందు అమ్మినవాళ్లకు ఫోన్ చేసి అడగండి. వాళ్లు మీ ఫోన్ ఎత్తే రోజుల్లోనే అడగండి.