లంబాడీలో చెప్పు

జనగామలోని నా పుస్తకాల దుకాణానికి తరిగొప్పుల వైపు తండా నుంచి ఒకామె వచ్చేది. గుండె జబ్బుతో బడి మానేసిన పదమూడేళ్ల కూతురికి ఇంట్లో చదువుకునే పుస్తకాలు కావాలి. ఆమెకు చదువు రాదు. ఏ పుస్తకమైనా వెంట తెచ్చిన కూతురితో అక్కడే ఒక పేజీ చదివించి, మూయించి, అదే సంగతి లంబాడీలో చెప్పమనేది. చెప్పగలిగితే కొనేది, తడబడితే నాకు తిరిగిచ్చేది. నేను ఎంతో పొగిడిన గైడ్లన్నీ అట్లాగే అరల్లోకి వెనక్కి పోయాయి.

ఒకరోజు సైన్సు పుస్తకంలో గుండె పాఠం వచ్చింది. పిల్ల తన ఛాతీ మీద వేలితో గీస్తూ చాలాసేపు చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తల్లి కదలకుండా విన్నది.

"గిది ఇయ్యి అన్నా," అంది. "బిడ్డకేమైందో దవాఖానల ఎంతమంది చెప్పినా నాకు సమజ్ కాలే. గిప్పుడైంది."