వైనతేయ దాటాక అడిగిన మాట

గురువారం రాత్రి ఎనిమిదింటికి సికింద్రాబాదులో కాకినాడ రైలెక్కాను. నాతో పాటు ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన పదకొండు మంది న్యాయాధికారులు, వాళ్లని వెంటబెట్టుకొచ్చిన ఢిల్లీ న్యాయశాఖ డైరెక్టరు గారు ఉన్నారు. ఒక దేశంలో శిక్షపడ్డ ఇంకో దేశం మనిషి సంగతేమిటి, సమన్లు ఎలా పంపుకోవాలి, సాక్ష్యం ఎలా తీసుకోవాలి, ఇలాంటి విషయాల్లో పేద దేశాలు ఒకదానికొకటి ఎలా సాయపడాలో మాట్లాడుకోడానికి వాళ్లంతా వచ్చారు. ఈసారి ఆతిథ్యం మన దేశానిది. ఢిల్లీలో ఒక వారం, హైదరాబాదులో నాలుగు రోజులు మాట్లాడేశారు. ఇక కాస్త మనుషుల్ని కూడా చూపిద్దామని ఎవరికో తోచింది. గల్ఫుకి ఎక్కువమంది వెళ్లేది కోనసీమ నుంచే కదా, అక్కడికి తీసుకెళ్దామన్నారు. నేను ఇరవై ఎనిమిదేళ్లు కోర్టులో తర్జుమా ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. తెలుగు నుంచి ఇంగ్లీషుకి, ఇంగ్లీషు నుంచి తెలుగుకి మాట దాటించడానికి నన్ను రమ్మన్నారు.

"ఆతిథ్య దేశం పాత్ర అంటే ఏమిటండీ?" అని డైరెక్టరు గారిని అడిగాను. ఆయనకి నలభై లోపే ఉంటాయి. ఎజెండా కాగితాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునే రకం.

"హాలు ఇవ్వాలి. భోజనం పెట్టాలి. అందరి మాటా వినాలి. మన సొంత గొడవ మాత్రం బల్ల మీదకి తేకూడదు. అది మర్యాద" అన్నారు.

మా ఎదురు బెర్తులో అంబాజీపేట కొబ్బరి వర్తకుడు ఒకాయన ఉన్నారు. పక్కన కూర్చున్న మా అతిథుల్లో ఒకరు, సాలిం గారిని ఎగాదిగా చూసి, ఆయన గల్ఫు నుంచి వచ్చారని తెలిశాక, "మీ వైపు కొబ్బరి కాస్తాదాండీ?" అని అడిగారు. నేను తర్జుమా చేశాను. ఖర్జూరమే కాస్తుందని సాలిం గారు చెప్పారు. వర్తకుడు జాలిపడి, సంచీలోంచి ఒక ఎండు కురిడీ కొబ్బరికాయ తీసి ఆయన చేతిలో పెట్టారు. సాలిం గారు దాన్ని ప్రయాణం పొడుగునా ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు. ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు.

సాలిం గారి దేశం పేరు రాయను. అక్కడి న్యాయశాఖలో పెద్ద సలహాదారు ఆయన. తెల్లటి గడ్డం, తక్కువ మాట.

శుక్రవారం తెల్లవారుజామున అయిదింటికి రాజమండ్రిలో దిగాం. మాకు మినీ బస్సు పెట్టారు. సొంతంగా వెళ్లేవారికి అమలాపురం బస్సులు కాంప్లెక్సులో పొద్దున్నుంచీ ఉంటాయి, రెండు గంటల ప్రయాణం. కుడి వైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ తప్పుతుంది. గౌతమి వంతెన దాటి రావులపాలెంలో ఆగి పెసరట్టు ఉప్మా తిన్నాం. టాంజానియా నుంచి వచ్చిన జడ్జి గారు అల్లం పచ్చడి మూడుసార్లు వేయించుకుని, ఇది ఏ చట్టం కిందకి వస్తుందని అడిగారు. అక్కణ్ణుంచి కొత్తపేట మీదుగా రోడ్డుకి ఒక పక్క కాలువ, ఇంకో పక్క కొబ్బరి తోట, మళ్లీ కాలువ. ఎనిమిదిన్నరకి అమలాపురం. లాడ్జి శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు ఏడింటి లోపే వస్తాయి.

ఆ మధ్యాహ్నం ఒక హాల్లో సమావేశం. గల్ఫు వెళ్లివచ్చిన వాళ్లు ఇరవై మంది దాకా వచ్చి మాట్లాడారు. అదంతా రాయను, ఎందుకంటే అందరూ "బానే ఉందండి" అన్నారు. గోదావరి మనిషిని ఎలా ఉన్నావని అడిగితే బాగోలేదని చెప్పడు, అడిగినవాళ్లు బాధపడతారని.

సాయంత్రం టీ దగ్గర, ఏర్పాట్లు చూస్తున్న స్థానిక ప్లీడరు గారు నన్నూ డైరెక్టరు గారినీ పక్కకి పిలిచారు. మర్నాడు మధ్యాహ్నం భోజనం వైనతేయ అవతల, మామిడికుదురు దగ్గర ఒక పల్లెలో, సువార్త గారనే ఆవిడ ఇంట్లో. పదకొండేళ్లు కువైట్‌లో వంటమనిషిగా చేసొచ్చారు, ఇల్లు పెద్దది, వంట బ్రహ్మాండం, అందుకని ఆ ఇల్లు ఎంచారు. ఇప్పుడే ఒక సంగతి తెలిసిందన్నారు.

"ఆవిడ భర్త జైల్లో ఉన్నాడండి. సాలిం గారి దేశంలోనేనండి."

అతని పేరు ప్రసాదరావు. డ్రైవరు. రెండేళ్ల కిందట సెలవుకొచ్చి తిరిగి వెళ్తుంటే, అలవాటుగా ఊళ్లోవాళ్లంతా పార్సిళ్లు తెచ్చారు. ఒకరు ఊరగాయ, ఒకరు కారప్పొడి, ఒకరు తమ్ముడి నడుంనొప్పికి మాత్రలు. కోనసీమలో విమానం ఎక్కేవాడు పార్సిలు కాదనడు, కాదంటే మర్నాటి నుంచి వాళ్లింటి ముందు నుంచి ఎలా నడుస్తాడు? ఆ మాత్రలు ఆ దేశంలో నిషేధం. విమానాశ్రయంలోనే పట్టుకున్నారు. మర్యాద కొద్దీ జైలుకెళ్లిన మనిషిని నా సర్వీసులో నేను చూడలేదు.

రెండు దేశాల మధ్య ఖైదీల ఒప్పందం ఉంది. ఖైదీ ఒప్పుకుని, రెండు ప్రభుత్వాలూ ఒప్పుకుంటే, మిగిలిన శిక్ష సొంత దేశం జైల్లో గడపొచ్చు. అతను సంతకం పెట్టాడు. మనవాళ్లు ఒప్పుకున్నారు, రాజమండ్రి జైలు కేటాయించారు కూడా. అవతలి వైపు నుంచి జవాబు రాక ఏడాది దాటింది. శిక్ష ఇంకా ఎనిమిది నెలలుంది. ఆరు నెలల కంటే తగ్గితే ఒప్పందం వర్తించదు. అంటే చేతిలో ఉన్నది రెండు నెలలు. ఆలోగా సంతకం పడకపోతే మిగతాదంతా అతను అక్కడే ఉండాలి. ఇక్కడ ఈవిడకి వినిపించేది నెలకో ఫోను, అదీ మూడు నిమిషాలు.

"సాలిం గారితో ఒక్క మాట చెబితే..." అన్నారు ప్లీడరు గారు.

డైరెక్టరు గారి ముఖం ఎజెండాలా అయిపోయింది. "వద్దు. పిలిచి భోజనం పెట్టి మన కేసు అడిగితే, రేపటి నుంచి ఏ దేశమూ మన పిలుపుకి రాదు. మీరు కూడా" అని నా వైపు చూశారు, "ఆవిడ ఏమైనా అడిగితే తర్జుమా చేయకండి."

చేయనన్నాను. ఇరవై ఎనిమిదేళ్లూ ఎవరు ఏమంటే అది చెప్పాను, ఏది వద్దంటే అది మానేశాను. ఇప్పుడు కొత్తగా తిరగబడ్డానికి అలవాటు లేదు.

శనివారం పొద్దున ఆరున్నరకే ఓడలరేవు వెళ్లి సముద్రం చూశాం. అక్కడి గ్యాసు ప్లాంట్ల మీద టాంజానియా జడ్జి గారు చాలా ప్రశ్నలు వేశారు, జవాబులు మాలో ఎవరికీ తెలియవు. వెనక్కొచ్చి బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటి, పన్నెండున్నరకి సువార్త గారి ఇంటి ముందు దిగాం.

ఆవిడకి నలభై అయిదేళ్లుంటాయి. చేయి తుడుచుకుంటూ ఎదురొచ్చి, "రండి రండి, ఎండనపడి వచ్చేరు, కాళ్లు కడుక్కోండి" అన్నారు నాతో. తర్వాత సాలిం గారి వైపు తిరిగి అరబ్బీలో మొదలెట్టారు. ఆయన తుళ్లిపడి, నవ్వి, జవాబిచ్చారు. నా ఉద్యోగం అక్కడితో ముగిసింది.

పనసపొట్టు కూర, కొబ్బరన్నం, రొయ్యల వేపుడు, చేపల పులుసు. సాలిం గారి కోసం పొద్దున్నే పక్కూరు నగరం వెళ్లి హలాల్ కోడి తెచ్చారట, ఆ వంట గిన్నెలు కూడా వేరే పెట్టారు. ఆయన చాలన్నప్పుడల్లా ఇంకో గరిటె పడింది. గోడ మీద భర్త ఫొటో ఉంది, లారీ బానెట్ మీద చెయ్యేసి నిలబడి. సాలిం గారు దాన్ని చూసి ఏదో అడిగారు. ఆవిడ రెండు మాటల్లో జవాబు చెప్పి పెరుగు వడ్డించారు. డైరెక్టరు గారు నా వైపు చూశారు. నాకు అరబ్బీ రాదని సైగ చేశాను.

చేతులు కడుక్కోడానికి వంటింట్లోకి వెళ్లి నెమ్మదిగా అడిగాను. "ఫొటోలో ఎవరని అడిగేరా ఆయన?"

"ఆయ్."

"ఏం చెప్పేరు?"

"మా ఆయనండి, గల్ఫులో ఉన్నారు అన్నానండి."

"అంతేనా? ఆయన ఏ శాఖలో పనిచేస్తారో మీకు తెలుసా?"

"తెలుసండి. ప్లీడరు గారు రాత్రే చెప్పేరు." ఆవిడ గిన్నె తోముతూనే ఉన్నారు. "తెల్లార్లూ నిద్ర లేదండి. కాని ఎలా అడుగుతానండీ? ఇంటికొచ్చి నా చేతి అన్నం తింటున్న మనిషినండి. అన్నం పెట్టి అడిగితే అది అన్నం కాదండి, లంచం."

"రెండు నెలలే ఉన్నాయి కదమ్మా."

"యాభై ఎనిమిది రోజులండి." అప్పుడు గిన్నె పక్కన పెట్టి, కొంగుతో ముఖం ఒత్తుకున్నారు. "అందరూ మొగుణ్ణి జైలు నుంచి తప్పించమని దణ్ణాలు పెడతారండి. నేను రాజమండ్రి జైల్లో వెయ్యమని పెడుతున్నాను. అక్కడైతే బస్సెక్కి వెళ్లి ముఖం చూసి రావచ్చు కదండీ."

ఢిల్లీ వాళ్ల పద్ధతీ ఈవిడ పద్ధతీ ఒక్కటే. ఇద్దరూ మర్యాదస్తులే. మధ్యలో ఆ లారీ డ్రైవరు.

"ఎప్పటిదాకా ఆయన మీ చుట్టం?" అన్నాను.

ఆవిడ ఆలోచించారు. "ఏరు దాటేదాకానండి. ఏరు దాటితే ఎవరి దారి వాళ్లదేనండి."

"వంతెన అవతల టీ కొట్టు ఉందా?"

"ఉందండి. టీ బాగోదండి."

"పరవాలేదు. అక్కడ ఆగుతాం."

మూడూ పదికి బయల్దేరాం. వంతెన దిగుతుండగా, తలనొప్పిగా ఉంది, టీ తాగాలని డ్రైవరుకి చెప్పాను. ఆ ఉద్యోగంలో నా సొంత మాట నేను చెప్పడం అదే మొదలు. అందరూ దిగారు. అయిదు నిమిషాలకి ఒక ఆటో వచ్చి ఆగింది. సువార్త గారు దిగారు, చేతిలో ప్లాస్టిక్ కవరు. వచ్చి బెంచీ చివర నిలబడ్డారు.

సాలిం గారు లేచి, ఇంకో టీ చెప్పి, గ్లాసు స్వయంగా అందించారు. ఆవిడ రెండు చేతులా అందుకుని, బెంచీ మీద తన ముందు పెట్టారు. తాగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

టీ మీద తొరక కట్టింది. డైరెక్టరు గారు వాచీ చూసుకున్నారు. టాంజానియా జడ్జి గారు, టీ బాగోలేదు కాబోలు, అన్నారు. సాలిం గారు మాత్రం గ్లాసునీ ఆవిడనీ మార్చి మార్చి చూశారు. తర్వాత నిటారుగా కూర్చుని, చాలా గౌరవంగా, అరబ్బీలో ఒక చిన్న ప్రశ్న వేశారు.

ఆవిడ మాట్లాడారు. ఎంతసేపంటే, కొట్టువాడు ఇంకో డికాక్షన్ పెట్టాడు. కవరులోంచి కాగితం తీసి ఇచ్చారు, దాని మీద దరఖాస్తు నంబరు. డైరెక్టరు గారు నా చెవిలో "ఇది ఎజెండాలో లేదు" అన్నారు. టీ కూడా లేదండి, అన్నాను.

సాలిం గారు కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకుని, గుండె మీద చెయ్యేసుకుని ఒక్క మాట అన్నారు. సువార్త గారు చల్లారిన టీ, తొరకతో సహా, ఒక్క గుక్కలో తాగేశారు. ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

బస్సులో సాలిం గారు నాకు ఇంగ్లీషులో చెప్పారు. "మా దగ్గర పని మీద వచ్చినవాడు, ఇచ్చిన కాఫీ ముట్టుకోడు. ఇంటాయన మాట ఇచ్చాకే తాగుతాడు. తాగకుండా వెళ్లిపోతే ఆ ఇంటికి తలవంపు. అది మగవాళ్ల మజ్లిసులో, అంటే చావడిలో, జరిగే పని. ఆవిడకి ఎవరు నేర్పారు?"

పదకొండేళ్లు ఆ కాఫీలు అందించింది ఆవిడే కదా, అన్నాను.

ఆ రాత్రి రాజమండ్రిలో బస. ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి విశాఖ నుంచి వచ్చే పగటి రైలెక్కాం. వీలైతే ఈ రైలే ఎక్కండి, ఏలూరు దాకా రెండు వైపులా పచ్చగా ఉంటుంది. సాలిం గారి దేశంలో ఆదివారం పని దినం. పదిన్నరకి, ఏలూరు దాటాక, ఆయన తన ఆఫీసుకి ఫోను చేశారు. నంబరు చదివారు. విన్నారు. మళ్లీ అడిగారు. ఫోను పెట్టేసి కిటికీలోంచి రొయ్యల చెరువుల్ని చాలాసేపు చూశారు.

"ఫైలు ఎక్కడుందండీ?" అన్నాను.

"నా బల్ల మీద. అన్ని శాఖలూ దాటి, నేను మీ దేశానికి బయల్దేరిన మర్నాడు వచ్చిందట. నా సంతకం ఒక్కటే మిగిలింది. రెండు వారాలుగా నేను ఇక్కడ న్యాయ సహకారం గురించి మాట్లాడుతున్నాను."

డైరెక్టరు గారు ఈ మాట విన్నారు. ఇంకా మూడు రోజులు ఢిల్లీ కార్యక్రమం ఉంది, చివరి రోజు ఆతిథ్య దేశం తరఫున పెద్ద విందు. ఆయన మొదటిసారి ఎజెండా వైపు చూడకుండా, ఈ రాత్రికే సాలిం గారికి విమానం దొరుకుతుందేమో చూస్తానన్నారు. ఆ అబ్బాయి మీద అంతవరకూ ఉన్న కోపం నాకు పోయింది.

విజయవాడలో రైలు పదిహేను నిమిషాలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద నిలబడి సువార్త గారికి ఫోను చేసి, ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాను. అవతల ఏడుస్తున్నారని అర్థమై ఆగాను. నేనూ అంతే.

"ఇప్పుడు ఆయన మన దేశంలోనే ఉన్నారాండీ?" అన్నారు చివరికి.

"ఉన్నారు. నా పక్కనే."

"ఆయనకి ఒక్క మాట చెప్పండమ్మా. ఇంటికొచ్చిన చుట్టాన్ని వెళ్లమని మా వంశంలో ఎవరూ అనలేదండి, నేనే మొదలు" అన్నారు సువార్త గారు. "ఆయన్ని తొందరగా వెళ్లిపొమ్మనండి."