ఖాళీ ఇంట్లో దీపం

గృహప్రవేశం చేసిన ఇల్లు చీకట్లో ఉండకూడదని మా అమ్మమ్మ చెప్పేది. పాలు పొంగించాక ఆ ఇంట్లో సాయంత్రం పూట దీపం వెలగాలి, గడప మీద పసుపు వెలిసిపోకూడదు, వాకిట్లో ముగ్గు చెరిగిపోకూడదు. నాకు చదువు చెప్పింది ఆవిడే. చిన్నప్పుడు ఆయాసం వల్ల నన్ను బడికి పంపలేదు. అక్షరాలు, ఎక్కాలు, స్తోత్రాలు, ఒత్తులు చేయడం అన్నీ ఒకే పీట మీద కూర్చుని నేర్చుకున్నాను. అందులో ఏది పాఠమో, ఏది ఆచారమో ఇప్పటికీ విడదీసి చెప్పలేను. అందుకే షేక్‌పేటలో అద్దెకివ్వడం కోసమని చిన్న ఫ్లాటు కొన్నప్పుడు కూడా, గృహప్రవేశం మర్నాటి నుంచే రోజూ సాయంత్రం వెళ్ళి దీపం పెట్టి రావడం మొదలుపెట్టాను. ఆ దీపం వల్లే ఇల్లు చేజారేంత పని అయిందని తర్వాత తెలిసింది.

మేము ఉండేది ఫిలింనగర్‌లో, కొండవాలు మీద ఒక పాత మేడలో, పై వాటా. అది అద్దె ఇల్లే. మా ఆయన జూబ్లీ హిల్స్‌లో ఒక సినిమా నిర్మాణ సంస్థలో లెక్కలు చూస్తారు. కింది వాటాలో ఇంటావిడ ఉంటుంది. ఆవిడ ఇక్కడ పుట్టి పెరిగిన మనిషి. కోస్తా నుంచి వచ్చిన మాకు ఈ ఊళ్ళో మొదట దొరికిన పెద్ద దిక్కు ఆవిడే, నేను పెద్దమ్మా అని పిలుస్తాను. ఇల్లు కొనమన్నది కూడా ఆవిడే. తన ఇంట్లో అద్దెకున్నవాళ్ళని ఇల్లు కొనుక్కోమని పోరుపెట్టే ఇంటావిడని నేను ఇంకెక్కడా చూడలేదు.

"ఎన్నొద్దులు గిట్ల కిరాయి కట్టుకుంట కూసుంటవ్ బిడ్డా? నీదంటూ ఒక ఇల్లుండాలె" అంది ఒకరోజు, మెట్ల మీద చిక్కుడుకాయ తుంచుతూ.

"మేం నలుగురం ఉండేంత ఇల్లు ఈ చుట్టుపక్కల కొనగలమా పెద్దమ్మా?"

"నువ్వుండేటందుకు ఎవలు కొనమన్నరు? చిన్నది కొను. కిరాయికియ్యి. నువ్వు ఈడనే ఉండు. నిన్నేమన్న పొమ్మన్ననా?"

ఆ మాట నాకు కొత్తగా అనిపించింది. ఇల్లంటే ఉండడానికే అనుకునేదాన్ని. ఎవరో ఉండే ఇల్లు మనల్ని పోషిస్తుందని, మెల్లగా తన అప్పు తానే తీర్చుకుంటుందని ఆవిడ చెబితేనే తెలిసింది. ఆవిడే నడిపే చీటీలో నేను ఏళ్ళ తరబడి కట్టిన సొమ్ము ఉంది. మిగతాది బ్యాంకు ఇస్తుందన్నారు. ఇక ఇల్లు వెతకడమే.

దానికీ పాఠం ఆవిడే చెప్పింది. "ఎండాకాలంల పోయి చూడు. వానలు పడ్డంక ఏ ఇంట్లనన్న నీళ్ళుంటయ్. ఎండలు ముదిరినంక నల్లా తిప్పి చూడాలె. ఇగ ఆటోల పోకు. ఆటోల పోతే అన్నీ దగ్గర్నే అనిపిస్తయ్. బస్సు దిగి నడువు. చేతిల సంచి పట్టుకొని, డ్యూటీ దిగొచ్చే ఆడిపిల్ల నడిచినట్టు నడువు. నీకు భయమైతే ఆమెకూ భయమైతది."

ఆవిడ చెప్పినట్టే నడిచాను. టోలిచౌకి వైపు ఒకటి, ఫ్లైఓవర్ నీడన ఒకటి చూసి వద్దనుకున్నాను. చివరికి షేక్‌పేట పాత ఊరు దాటాక, సందు మొదట్లో మిర్చిబజ్జీల బండి, మందుల కొట్టు ఉన్నచోట, రెండో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు దొరికింది. మంచి ఎండల్లో నల్లా తిప్పితే నీళ్ళు ధారగా వచ్చాయి. వంటగది పక్కన మనిషి కూర్చునేంత చిన్న పూజగది ఉంది. నా మనసు ఆగింది దాని దగ్గరే. బ్యాంకులో కాగితాలు చూస్తున్న అమ్మాయి "ఏం చదువుకున్నారండీ?" అని అడిగితే "ఇంట్లో చదువుకున్నాను" అన్నాను. ఆ పిల్ల చిన్నగా నవ్వి, ఏదో రాసుకుంది. ఏం రాసిందో గానీ అప్పు మంజూరైంది. ఆ పిల్ల కడుపు చల్లగా ఉండాలి.

గేటుకి బోర్డు కట్టాం. అద్దెకు ఇవ్వబడును అని పెద్దక్షరాలు, కింద ఫ్యామిలీలకు మాత్రమే అని మా ఆయన స్వహస్తంతో. నోటిమాటగా ఇంకో షరతు కూడా పెట్టారు, సినిమా వాళ్ళకి ఇవ్వకూడదని.

వారాలు గడిచాయి. ఎవరూ రాలేదు. ఆ సందులో పక్క ఇళ్ళన్నీ ఖాళీ అయిన పదిరోజులకే నిండుతున్నాయి, మాది మాత్రం అలాగే ఉంది. ఇక్కడ మేం కట్టే అద్దె, అక్కడ బ్యాంకు వాయిదా, రెండూ ఒక్క జీతం మీద పడ్డాయి. పిల్లల ట్యూషన్ ఒకటి మాన్పించాం. ఆయన భోజనం దగ్గర మాట్లాడడం తగ్గించారు. ఒకరోజు కంచంలో చెయ్యి కడుక్కుంటూ అన్నారు:

"ఆషాఢం వస్తే ఎవరూ ఇల్లు మారరు. అది దాటాక ఇంకో నెల, ఇంకో నెల. మన వల్ల కాదు. ఆషాఢం లోపు ఎవరైనా దిగితే సరే. లేకపోతే అమ్మేద్దాం. మా ఆఫీసులో ఒకాయన అడుగుతున్నారు."

నాకు పూజగది గుర్తొచ్చింది.

ఏం చెయ్యాలో తెలియనప్పుడు నాకు తెలిసింది ఒకటే. దేవుడికి ఇంకాస్త దగ్గరగా జరగడం. చిన్న ముగ్గు వేసే చోట పెద్ద ముగ్గు వేశాను. శుక్రవారం గుమ్మానికి మామిడాకులు కట్టాను. గాలికి దీపం ఊగుతోందని కిటికీకి పరదా వేశాను. బాల్కనీలో తులసి కుండీ పెట్టాను. సాయంత్రం కొండ దిగి వెళ్ళి, దీపం వెలిగించి, అది కొండెక్కేదాకా చాప మీద కూర్చుని స్తోత్రం చదువుకుని, తాళం వేసి వచ్చేదాన్ని. స్వామీ, ఈ ఇంటికి ఒక మనిషిని పంపించు అని అడిగేదాన్ని. ఎంతగా అడిగితే ఇల్లు అంత కళగా తయారైంది.

జ్యేష్ఠం సగంలో ఒక సాయంత్రం గుమ్మం ముందు ముగ్గు దిద్దుతున్నాను. మెట్లు దిగుతున్న ఒకమ్మాయి నా దగ్గర ఆగింది. ముప్పై దాటి ఉంటుంది, భుజాన సంచి, మెడ చుట్టూ ఆ ఎండల్లో కూడా పల్చటి స్కార్ఫు.

"ఆంటీ, మీ బిల్డింగులో ఇల్లేమైనా ఖాళీ ఉందా? పైన మూడో అంతస్తు ఉందంటే వచ్చాను. నా పని ఏమిటో చెప్పగానే లేదన్నారు."

"ఇదే ఖాళీ అమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి ముగ్గు చూసింది. మామిడాకులు చూసింది. తలుపులోంచి లోపలి దీపం వైపు, కిటికీ పరదా వైపు చూసింది.

"ఇదా?"

"ఇదే. ఎవరూ దిగలేదు."

"మరి మీరు?"

"మేం ఫిలింనగర్‌లో అద్దెకుంటాం. దీపం పెట్టడానికి వస్తాను."

ఆ అమ్మాయి మెట్టు మీద కూర్చుండిపోయి నవ్వింది. "నేను ఈ సందులోకి మూడుసార్లు వచ్చాను ఆంటీ. గేటు దగ్గర కింది ఫ్లాటు వాళ్ళని అడిగితే, రెండో అంతస్తులో ఓనరమ్మే దిగింది, బోర్డు తియ్యడం మర్చిపోయారు అన్నారు. నేను కూడా కింద నుంచి చూశాను, తులసి మొక్క ఉంది. ఎంత బాగుంది ఇల్లు, ఎవరో అదృష్టవంతులు అనుకున్నాను."

నా చేతిలో ముగ్గు పిండి అలాగే ఉంది. ఇన్ని వారాలుగా వచ్చినవాళ్ళందరినీ గేటు దగ్గర నుంచే తిప్పి పంపింది నేను పెట్టిన దీపమే.

ఆ అమ్మాయి డబ్బింగ్ చెబుతుంది. తెర మీద వేరే వాళ్ళు పెదవులు కదిపితే ఈ అమ్మాయి గొంతు వినిపిస్తుంది. గుంటూరు వైపు నుంచి వచ్చింది, ఒక్కతే ఉంటుంది, ఉన్న హాస్టలు మూసేస్తున్నారు. అంటే మా ఆయన పెట్టిన రెండు షరతులకూ సరిపోదు.

ఇంటికి వచ్చి పెద్దమ్మకి చెబితే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

"ఇల్లు దేవునికి కిరాయికిచ్చినవా ఏంది బిడ్డా? మరి నెల నెలా ఇస్తుండా ఆయన?"

"నన్ను ఏడిపించకండి పెద్దమ్మా. చీకట్లో ఉంచకూడదని..."

"ఉంచొద్దు, నిజమే. ఇంట్ల మనిషుంటే చీకటెందుకుంటది?"

అంతలో మా ఆయన ఆఫీసు నుంచి వచ్చారు. అమ్మాయి సంగతి చెప్పాం. చెప్పులు విప్పకుండానే తల అడ్డంగా ఊపారు.

"సినిమా వాళ్ళకి వద్దని చెప్పాను కదా. టైముకి అద్దె రాదు. నాకు తెలియదా? వాళ్ళ పేమెంట్లు ఆపేది నేనే."

"అయితే నువ్వు ఆపకు" అంది పెద్దమ్మ.

నాకు నవ్వు వచ్చింది గానీ ఆపుకున్నాను. ఆయనకి రాలేదు. "ఒంటరి ఆడపిల్ల, రాకపోకలకి వేళాపాళా ఉండదు, రేపు ఎవరైనా ఏమైనా అంటే" అని మొదలుపెట్టారు. పెద్దమ్మ ఒళ్ళో ఉన్న చిక్కుళ్ళ చేట పక్కన పెట్టింది.

"జర కూసో. మీరు ఈ ఇంటికొచ్చిన దినం యాదికున్నదా? ఏం పని జేస్తవని మా ఆయన అడిగిండు. సిన్మా ఆఫీసన్నవ్. లోపటికొచ్చి నాతోని వద్దన్నడు, గా సిన్మోళ్ళకు ఇయ్యొద్దన్నడు. నేను గీమెను చూసిన. చేతిల కుంకుమ భరిణె పట్టుకొని గేటు కాడ నిలబడ్డది. ఇస్తున్న అని చెప్పిన. ఆయన వారం దినాలు నాతోని మాట్లాడలె."

మాకు ఆ సంగతి తెలియదు. ఆ పెద్దాయన బతికున్నన్నాళ్ళూ మమ్మల్ని ఎంతో మర్యాదగా చూశారు. పండక్కి మా పిల్లలకి బట్టలు పెట్టారు. మా ఆయన నావైపు చూశారు, తర్వాత చెప్పులు విప్పి, "ఆ అమ్మాయిని ఆదివారం రమ్మను" అని పైకి వెళ్ళిపోయారు.

ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది. ఆయన అడిగినవాటికన్నిటికీ నెమ్మదిగా సమాధానం చెప్పి, చివరికి తనే అంది: "ఒక్క విషయం ముందే చెప్పాలి సార్. నేను ఇంట్లో ప్రాక్టీసు చేస్తాను. ఏడుస్తాను, అరుస్తాను, అప్పుడప్పుడు చచ్చిపోతాను. పక్కవాళ్ళు కంగారుపడి మీకు ఫోను చేస్తే భయపడకండి."

"ఎక్కువగా ఏది?" అని అడిగారు ఆయన.

"ఏడవడమేనండీ. దానికే పిలుస్తారు."

ఆయన అప్పుడు నవ్వారు. చాలా రోజులకి.

ఆషాఢం రాకముందే మంచిరోజు చూసి తాళాలిచ్చాం. ముందురోజు నేను వెళ్ళి పూజగదిలో పటం, కుందులు, చాప తీసుకున్నాను. పరదా విప్పబోతే ఆ అమ్మాయి ఉంచమంది, తులసిని కూడా ఉంచమంది. రెండో తాళంచెవి మాత్రం నా చేతిలోనే ఉండిపోయింది. ఎప్పుడైనా దీపం పెట్టడానికి పనికొస్తుందేమో అనుకున్నాను. పెద్దమ్మ చూసింది.

"అది గూడ ఇచ్చెయ్. కిరాయికిచ్చినంక అది నీ ఇల్లు గాదు, ఆమెది. నేనెన్నడన్న మీ వాటాల నువ్వు పిలువక ముందు అడుగు పెట్టిన్నా?"

పెట్టలేదు. మా వాటా తాళం ఆవిడ దగ్గర ఎప్పుడూ లేదు. ఆ సంగతి నేను అప్పటిదాకా గమనించనేలేదు. సొంత ఇంట్లో ఉన్నంత ధీమాగా ఇన్నేళ్ళు ఉన్నామంటే, ఆవిడ అలా ఉండనిచ్చింది కాబట్టి. తాళంచెవి ఇచ్చేశాను.

ఆషాఢం పోయింది. ఫ్లాటు అమ్మే మాట ఇంట్లో మళ్ళీ రాలేదు. బ్యాంకు వాయిదాలో చాలా భాగం ఆ ఇల్లే తీర్చుకుంటోంది. పిల్లవాడి ట్యూషన్ మళ్ళీ మొదలైంది. ఆ అమ్మాయి ఒకసారి అద్దె ఆలస్యమవుతుందని ఫోను చేస్తే, మా ఆయన "ఏ కంపెనీ ఆపింది?" అని అడిగి, వాళ్ళ లెక్కల మనిషికి తనే ఫోను చేసి తిట్టారు.

శ్రావణంలో తాంబూలం ఇచ్చి రావడానికి నేను వెళ్ళాను. తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల ఏడుపు. గుండె పిండే ఏడుపు. చెప్పి ఉంచినా కంగారుగా తలుపు తట్టబోయాను. పక్కింటావిడ తలుపు తీసి చూసి, "మామూలేనండీ, ఇంకో పది నిమిషాలు పడుతుంది" అని తలుపు వేసుకుంది. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఏడుపు ఆగింది, గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది, మళ్ళీ మొదటి నుంచి మొదలైంది.

ఆగాక తలుపు కొట్టాను.

"అయ్యో ఆంటీ, ఎంతసేపైంది వచ్చి?"

"ఇప్పుడే."

"బిడ్డని పోగొట్టుకున్న తల్లి ఆంటీ ఇవాళ. ఇంకో రెండు డైలాగు ముక్కలు మిగిలాయి. కూర్చోండి, టీ పెడతాను."

టీ పొయ్యి మీద పెట్టి పూజగదిలోకి వెళ్ళింది. అప్పుడు చూశాను. గోడలకి నాలుగువైపులా దుప్పట్లు, బొంతలు వేలాడదీసింది, మధ్యలో చిన్న మైకు. బయట చప్పుళ్ళు వినపడని గది ఇంట్లో అదొక్కటేనట. నేను దీపం పెట్టిన మూల స్క్రిప్టు కాగితాలు. ఒక్కక్షణం మనసు చివుక్కుమంది. లేదని అబద్ధం చెప్పను.

తర్వాత ఆ అమ్మాయి మైకు ముందు కూర్చునే ముందు నేలని చేత్తో తాకి కళ్ళకి అద్దుకోవడం చూశాను. నేను చాప వేసుకునే చోటే. నేను చూస్తున్నానని తనకి తెలియదు.

టీ పొంగబోతుంటే నేనే లేచి మంట తగ్గించాను. ఆ ఇంట్లో గృహప్రవేశం నాడు పాలు పొంగించిన పొయ్యి మూల అది. గ్లాసు కోసం ఏ అర తెరవాలో నాకు తెలియలేదు. ఆ అమ్మాయి వచ్చి ఇచ్చేదాకా ఆగాను, చుట్టపుచూపుగా వచ్చిన మనిషి ఆగినట్టు. స్వామిని మనిషిని పంపమని అడిగాను. పంపాడు. మిగిలిన ముక్క కోసం ఆ అమ్మాయి తిరిగి పూజగదిలోకి వెళ్ళింది. లోపల ఆ తల్లి మళ్ళీ ఏడవడం మొదలుపెట్టింది. నేను తాంబూలం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు కాకుండా కూర్చున్నాను.