తలుపులో నిలిచిన నీళ్లు

మార్కాపురంలో కార్ల షెడ్డు పెట్టిన రెండో ఏడు అది. మా వీధిలో ఉండే నర్సక్క తన కారు తెచ్చింది. వాన పడితే వెనక తలుపు దగ్గర కింద మ్యాటు తడిసిపోతోందట. గొట్టంతో తలుపు మీద నీళ్లు కొట్టి చూశాను. తలుపు అడుగున మూడు చిన్న బొక్కల్లోంచి నీళ్లు కారుతున్నాయి. నీళ్లు లోపలికి వచ్చేది వీటిలోంచేననుకుని మూడింటినీ సీలెంటుతో గట్టిగా మూసేశాను. అద్దం సందులోంచి దిగే నీళ్లు బయటికి పోవడానికే ఆ బొక్కలు ఉంటాయని నాకప్పటికి తెలియదు. ఎవరినైనా అడగాలంటే నామోషీ.

నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజు ఎండ చుర్రుమంది. మధ్యాహ్నం అక్క ఫోను చేసింది.

"తమ్ముడా, కారు దానంతట అదే లాకు పడింది. తాళం లోపలే ఉండాది. పాప లోపలుండాది!"

పెద్దారవీడు దారిలో ముందు అద్దం మీద బురద తుడవడానికి కారు ఆపి దిగిందట. తలుపు వేయగానే టక్కుమని అన్ని లాకులూ పడ్డాయి. రెండేళ్ల పాప వెనక సీట్లో నిద్రపోతోంది.

నేను మూసిన తలుపులో నీళ్లు నిండి లాకు మోటారు తడిసి, దాంతోపాటు అన్ని లాకులూ పడ్డాయని ఆ క్షణంలోనే అర్థమైంది.

"అక్కా, నా కోసం ఆగొద్దు. ముందు సీటు పక్కనుండే అద్దం పగలగొట్టు."

"గాజు పాపకు గుచ్చుకుంటే ఏంది గతి?"

"పాప వెనకాల కదా ఉండేది. కొట్టక్కా!"

ఫోను కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. బండి మీద ఎట్లా పోయానో గుర్తులేదు. ఎదురొచ్చే ప్రతి ఆటోలోకీ, అందులో పాపను ఆసుపత్రికి తీసుకెళ్తున్నారేమోనని తొంగి చూశాను.

దూరం నుంచే ఏడుపు వినిపించింది. అంత గట్టిగా ఏడుస్తోందంటే ఫరవాలేదు. గొర్రెలు మేపుకునే పెద్దాయన ఒకాయన గొడ్డలి మడమతో అద్దం పగలగొట్టాడట. పాప మొహం కందిపోయింది, జుట్టంతా చెమట. అక్క కొంగు తడిపి తుడుస్తోంది.

నేను స్క్రూడ్రైవరుతో ఆ సీలెంటు గీకేశాను. తుప్పు రంగు నీళ్లు ధారగా పడ్డాయి.

"ఇదేంది నాయనా, తలుపులో బావి తవ్వినారా?" అన్నాడు పెద్దాయన.

"నేనే మూసినా అక్కా. తెలవక మూసినా," అన్నాను.

అక్క పాపను భుజానికెత్తుకుని, "పాప లోపల ఎంతసేపుండిందో తెలుసా నీకు?" అంది. తల అడ్డంగా ఊపాను. "నాకూ తెల్దు," అంది.

మర్నాడు కారును కంభంలో ఒక ముసలి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, జరిగిందంతా చెప్పాను. ఆయన తలుపు లోపలి ప్యాడు విప్పి చూపించాడు. దాని వెనకుండే ప్లాస్టిక్ షీటు అడుగున ఊడి వేలాడుతోంది. నీళ్లు లోపలికి వచ్చింది అక్కడి నుంచే. తడిసిన మోటారు మార్చి, షీటు మళ్లీ అతికించాం.

అక్క ఆ తర్వాత కూడా నా షెడ్డుకే వచ్చేది. కానీ పని అయ్యేదాకా పాపను చంకనెత్తుకుని కారు పక్కనే నిలబడేది. కుర్చీ వేసినా కూర్చునేది కాదు.